అన్నం మెతుకుతో అంటించిన ఊరు

పదకొండో భాగం

పోయినవారం తండ్రీకూతుళ్ళిద్దరినీ రేపల్లె కంటాసుపత్రి మెట్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, వారం నుంచీ అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళను లోపలికి తీసుకెళ్ళే ముందు, కథ మధ్యలో అందుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి.

డాక్టరు పూర్ణచంద్రరావుగారికి మూడు ఊళ్ళలో కంటాసుపత్రులు. సొంత ఊరు తెనాలిలో పెద్దది. బుధవారం బాపట్ల, మంగళ, శుక్రవారాలు రేపల్లె. ఆసుపత్రులు మూడైనా ఆయన ల్యాప్‌టాప్ ఒక్కటే, కారులో ఆయన పక్క సీట్లో కూర్చుని ఊళ్ళు తిరుగుతుంది. ఏ ఊరి నెట్‌వర్క్ నంబర్లు ఆ ఊరివి, ఏ ఊరి ప్రింటరు ఆ ఊరిది. ఊరు మారినప్పుడల్లా ఆ నంబర్లన్నీ మార్చి కొడితే తప్ప అక్కడి రోగుల పాత రిపోర్టులు తెరుచుకోవు. డాక్టరుగారు వాటిని చీటీ మీద రాసుకుని, చీటీ ఎక్కడో పెట్టి మరిచిపోయి, ఎదురుపడ్డవాళ్ళందరి మీదా కేకలేసేవారు. తెనాలిలో కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే కౌముది ఆ కేకలు వినలేక రెండేళ్ళ కిందట, 2005లో, ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చింది. దాని పేరు ‘ఊరు’. వైరు గుచ్చగానే తానిప్పుడు ఏ ఊళ్ళో ఉందో అదే కనిపెట్టి, ఆ ఊరి నంబర్లు అదే వేసుకుని, తెర మూలన గడియారం పక్కన ఊరి పేరు తెలుగులో చూపిస్తుంది. విండోస్ చేత ఆ పేరు తెలుగులో పలికించడానికే ఆ పిల్ల పదిహేను రోజులు కుస్తీ పట్టింది.

రెండేళ్ళూ ‘ఊరు’ పొల్లు మాట అనలేదు. దసరా వెళ్ళగానే దానికి మతి పోయింది. మంగళవారం రేపల్లెలో కూర్చుని బాపట్ల అంది. డాక్టరుగారి తమ్ముడి కొడుకు కిరీటి విజయవాడలో కంప్యూటర్ల వ్యాపారం చేస్తాడు. ఊళ్ళోవాళ్ళు సరదాగా రాసిన ప్రోగ్రాములతో ఆసుపత్రి నడవదని, కంపెనీ సరుకు పెట్టుకోమని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాడు. డాక్టరుగారు మెత్తబడి, శుక్రవారం రేపల్లెకు రమ్మని కౌముదికి కబురుపెట్టారు. బాగైతే సరే, లేకపోతే అదే రోజు ‘ఊరు’ను తీసి కిరీటి తెచ్చింది పెట్టేస్తామన్నారు.

కౌముదికి దీంట్లో జీతమూ లేదు, బిరుదూ లేదు. కానీ ఆమె చేత్తో పుట్టి నలుగురికి పనికొస్తున్న వస్తువు ఈ ప్రపంచం మొత్తం మీద అదొక్కటే. దాన్ని తన కళ్ళముందే తుడిచేస్తారంటే ఆమెకు మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. తండ్రి ఉమామహేశ్వరరావుగారు పురోహితులు. ఆ సాయంత్రం రేపల్లెలోనే ఒక ఇంట సత్యనారాయణ వ్రతం చేయించాల్సి ఉండి, పిల్లకు తోడుగా ఉంటుందని పొద్దున బండికే బయల్దేరి వచ్చారు.

ఇక లోపలికి పోదాం.

ఆసుపత్రి అంటే పొడవాటి హాలు, దాని చివర డాక్టరుగారి గది. హాలులో ఒక కొసన కుర్చీ, రెండో కొసన గోడకు చూపు పరీక్ష బోర్డు. ఆ బోర్డుకు రెండు వైపులున్నాయి. ఒక వైపు తెలుగు అక్షరాలు, పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. చదువురానివాళ్ళ కోసం రెండో వైపు మూడు పళ్ళున్న దువ్వెన ముక్కల్లాంటి గుర్తులు. పళ్ళు ఏ వైపుకు తిరిగాయో చేత్తో చూపిస్తే చాలు. బోర్డు పక్కన బెత్తం పట్టుకుని నిలబడే రాజారత్నానికి యాభై ఏళ్ళుంటాయి. ఆ ఆసుపత్రికి కాంపౌండరూ, గుమాస్తా, అన్నీ ఆయనే.

ఉమామహేశ్వరరావుగారు బల్ల మీద కూర్చుని ఉత్తరీయం సర్దుకున్నారు. చుక్కల మందు వేయించుకుని కళ్ళు మూసుకున్నవాళ్ళు ముగ్గురు, వంతు కోసం చూస్తున్నవాళ్ళు పదిమంది. ఒక్కొక్కరే కుర్చీలో కూర్చుని “ప... ర... గ...” అని గట్టిగా చదువుతున్నారు. పంతులుగారని జనం జరిగి చోటిచ్చారు. చుట్టుపక్కల ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. పెళ్ళయినా, వ్రతమయినా పుస్తకం ఆయనకు హస్తభూషణమే, అంతా కంఠతా. ఒక్కసారి వింటే చాలు, నలభై ఏళ్ళయినా మరవరని తెనాలిలో చెప్పుకుంటారు. ఆ మాట ఎవరైనా అన్నప్పుడు ఆయన కాదనరు, కాస్త గడ్డం పైకెత్తి ఊరుకుంటారు.

లోపల డాక్టరుగారు ల్యాప్‌టాప్‌ను కౌముది వైపు తిప్పారు. తెర మూలన పచ్చటి చుక్క, పక్కనే ‘బాపట్ల’ అని ముచ్చటైన అక్షరాలు. గుమ్మంలో వంతు కోసం నిలబడ్డ అచ్చమ్మకు ఎవరో దాన్ని చదివి చెప్పారు. ఆవిడ అడవులదీవి నుంచి తెల్లారుజామున బయల్దేరిన మనిషి. “నేనెక్కింది రేపల్లె బస్సేనయ్యా, ఈ బాపట్ల ఎప్పుడొచ్చింది?” అంది. హాలంతా నవ్వింది. కౌముది చెవులు ఎర్రబడ్డాయి.

డాక్టరుగారు నవ్వలేదు. ముగ్గురికి చుక్కలు వేశానని, నలభై నిమిషాల్లో వాళ్ళ కళ్ళు పరీక్షకు సిద్ధమవుతాయని, అప్పటికి వాళ్ళ పాత రిపోర్టులు తన ముందు ఉండాలని మెల్లగా చెప్పారు. కిరీటి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో మెరిసే అట్టపెట్టె, అందులో కంపెనీ సీడీ. నలభై నిమిషాలు కూడా అక్కర్లేదు పెదనాన్నా, ఇది పది నిమిషాల పని అన్నాడు.

కౌముది కూర్చుంది. ముందు వైరు చూసింది, బాగుంది. బల్ల పక్కన అరలో ఉన్న రూటరు పెట్టె చూసింది, దీపాలు వెలుగుతున్నాయి. పెట్టె నెత్తిన ఆయుధపూజ నాటి కుంకుమ బొట్టు ఇంకా చెదరలేదు. బొట్టు పక్కనే తను స్కెచ్ పెన్నుతో బొటనవేలంత అక్షరాలతో రాసిన కాగితం, ‘రేపల్లె’.

ప్రోగ్రాంలోకి వెళ్ళి ఊరి పేరు తనే చేత్తో ‘రేపల్లె’ అని ఎంచింది. క్షణంలో రిపోర్టులన్నీ తెరుచుకున్నాయి. డాక్టరుగారి మొహం విప్పారింది. సరిగ్గా రెండు నిమిషాల తర్వాత పచ్చ చుక్క ఒకసారి మిణుకుమని మళ్ళీ ‘బాపట్ల’ అంది. తెరిచిన రిపోర్టులన్నీ మూతపడ్డాయి. ప్రతి రెండు నిమిషాలకూ ఊరు సరిచూసుకోమని దానికి నేర్పింది కౌముదే. నేర్పిన పని అది బుద్ధిగా చేస్తోంది.

“చూశారా? మనం చెప్పినా వినదు. దీనికి మొండితనం ఒకటి,” అన్నాడు కిరీటి.

మొండితనం అన్న మాట కౌముదికి తగిలింది, అయితే మరోలా తగిలింది. తప్పు చేసేది తడబడుతుంది, ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి అంటుంది. ఇది ఒక్క మాట మీదే నిలబడింది. ఇంత గట్టిగా నిలబడిందంటే దానికేదో కనిపిస్తూ ఉండాలి. అది ఏం చూసి ఊరు గుర్తుపడుతుందో అది వెతకాలి.

ఆమె నల్ల తెర ఒకటి తెరిచి ఒక చిన్న ఆజ్ఞ కొట్టింది. అంకెలు, అక్షరాలు కలిసిన పొడవాటి వరుస ఒకటి వచ్చింది. దాని చివర ‘బి7’. సంచీలోంచి రెండేళ్ళ నాటి నోటు పుస్తకం తీసి, తేదీ వేసి ఉన్న పేజీ తిప్పింది. తెనాలి పెట్టె నంబరు చివర ‘డి4’. బాపట్ల ‘బి7’. రేపల్లె ‘సి2’.

కౌముది ఆ పేజీని రెండుసార్లు చదివింది. తర్వాత వెన్ను నిటారుగా చేసి కూర్చుంది. మూడు రోజులుగా గుండెల మీద కూర్చున్న బరువు ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. తన ప్రోగ్రాంకు మతి పోలేదు.

“సార్, ఇది రేపల్లె పెట్టె కాదండి. బాపట్లది,” అంది.

డాక్టరుగారికి అర్థం కాలేదు. ఆమె వివరంగా చెప్పింది. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాస్తారు కదండి, అలాగే ప్రతి రూటరు పెట్టెకూ ఫ్యాక్టరీలోనే ఒక నంబరు వేస్తారు. పెట్టెలోని సెట్టింగులన్నీ తుడిచేసినా ఆ నంబరు పోదు. ‘ఊరు’ గుర్తుపట్టేది ఆ పుట్టుమచ్చనే. ఇక్కడున్న పెట్టెకు బాపట్ల పుట్టుమచ్చ ఉంది కాబట్టి అది బాపట్ల అంటోంది.

కిరీటి గోడ వదిలి ముందుకొచ్చాడు. దసరా తర్వాత సోమవారం రెండు ఊళ్ళలోనూ పెట్టెలు పనిచేయకపోతే తానే వచ్చి, వెనక చిల్లులో పిన్ను నొక్కి, అన్నీ తుడిచి, ఏ ఊరి నంబర్లు ఆ ఊళ్ళో కొట్టి వెళ్ళానన్నాడు. పూజకని తీసుకెళ్ళి కడిగి తెస్తే సెట్టింగులు చెదిరి ఉంటాయనుకున్నాడట. మరి తాను రేపల్లె నంబర్లు కొట్టిన పెట్టె బాపట్లది ఎలా అవుతుందని అడిగాడు.

“మీరు కొట్టింది పేరండి. ఇది పుట్టుమచ్చ. పేరు మార్చుకున్నంత మాత్రాన మనిషి మారడు కదండి.”

డాక్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. అదే వేడిలో కౌముది బాపట్ల ఆసుపత్రికి ఫోన్ చేసింది. అక్కడ కంప్యూటర్ చూసే అన్నమ్మ ఎత్తింది. బుధవారం అక్కడ ఏమైందని అడిగితే, ఆ వేళ ల్యాప్‌టాప్ రేపల్లె అనిందని, డాక్టరుగారు విసుక్కుని మూతపెట్టి అన్నీ చేత్తోనే రాశారని చెప్పింది. పెట్టె తిరగేసి అడుగున ఉన్న నంబరు చదవమంది కౌముది. చాలా సన్న అక్షరాలమ్మా, ఉండు, కళ్ళజోడు పెట్టుకుంటాను అంది అన్నమ్మ.

ఫోన్ చెవిన పెట్టుకుని కౌముది గుమ్మంలోంచి హాలులోకి చూసింది. రాజారత్నం బోర్డు తిప్పి అచ్చమ్మను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ నోరు మెదపకుండా చెయ్యి పైకీ కిందికీ చూపిస్తోంది. లోపలి మాటలు వినబడి అప్పటికే ఉమామహేశ్వరరావుగారు గుమ్మం దాకా వచ్చారు. పంతులుగారూ, అక్కడెందుకు, లోపలికొచ్చి కూర్చోండని డాక్టరుగారు స్టూలు చూపించారు. తెనాలి ఆసుపత్రి శంకుస్థాపన నాటి నుంచీ ఆయనకు పంతులుగారంటే గౌరవం.

“చివర సీ, రెండు,” అంది అన్నమ్మ ఫోన్లో.

కౌముది ఆ మాటను స్పీకర్లో మళ్ళీ చెప్పించింది. రేపల్లె పెట్టె బాపట్లలో ఉంది, బాపట్ల పెట్టె రేపల్లెలో ఉంది. రెండేళ్ళలో ఆమె ఇంత గర్వంగా ఎవరి ముందూ నిలబడలేదు. ఇక్కడితో అయిపోతే ఈ వారం కథ కూడా అయిపోయేది.

కిరీటి వెధవేం కాదు. తెలివైనవాడు. ఆలోచించి మరీ అడిగాడు. పెట్టెలు మారాయంటున్నారు, ఎలా మారతాయి? మహర్నవమి నాడు మూడు ఊళ్ళ పెట్టెలూ తెనాలి తీసుకెళ్ళి పూజ చేయించాం. తిరిగి తెచ్చేటప్పుడు పైన కాగితాలు చూసుకునే కారులో పెట్టాం. రేపల్లె అని రాసింది రేపల్లెకు, బాపట్ల అని రాసింది బాపట్లకు. కాగితాలు రాసింది మీరు. మీ చేతిరాత కాదంటారా?

కాదనడానికి లేదు. కాగితం మీద ‘ల్లె’కు తను పెట్టే వంకర సహా తన చేతిరాతే.

“అంటే పెట్టెలు సరిగ్గానే ఉన్నాయి, మీ ప్రోగ్రాంలో జాబితానే తారుమారైందన్నమాట. దానంతటది జాబితా మార్చుకునే ప్రోగ్రాంను ఆసుపత్రిలో ఎలా ఉంచుతామండీ? పుస్తకం చూపిస్తున్నారు, పుస్తకమూ మీదే, ప్రోగ్రామూ మీదే. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.”

కౌముది రూటరు పెట్టెను చేతిలోకి తీసుకుంది. ఆ కాగితాన్ని తను సెలోటేపుతో అంటించింది, బాగా గుర్తు. ఇప్పుడు టేపు లేదు. కాగితం అంచున పసుపు మరక. గోటితో ఒక మూల కొంచెం లేపింది. కాగితానికీ పెట్టెకూ మధ్య నలిగి ఎండిపోయిన అన్నం మెతుకు.

ఆమె చెయ్యి అక్కడే ఆగింది. మెతుకుతో కాగితం అంటించే మనిషి ఈ మూడు ఊళ్ళలో ఆమెకు తెలిసి ఒక్కరే. ఇంట్లోకి గమ్ముసీసా రానివ్వరు, ఎముకలు కాచి చేస్తారట, ముట్టుకోకూడదంటారు. చిరిగిన పంచాంగం పేజీ, శుభలేఖ కవరు, చిన్నప్పటి ఆమె స్కూలు పుస్తకాల అట్టలు, అన్నీ మెతుకులతోనే. మహర్నవమి నాడు ఆమె కాకుమానులో పిన్ని గారింట్లో ఉంది. తెనాలిలో పూజ చేయించింది తండ్రి.

తలెత్తి చూస్తే ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. చూపు నేల మీద ఉంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే ‘ఊరు’ దక్కుతుంది. కానీ నలభై ఏళ్ళుగా ఒక్క మంత్రం తప్పని మనిషి, పూజలోనే పెట్టెలు తారుమారు చేశారని హాలునిండా జనం వింటారు. ఆయన్ని ఎరిగినవాళ్ళు, సాయంత్రం వ్రతానికి పిలిచినవాళ్ళు ఆ జనంలోనే ఉన్నారు. కౌముది మూల లేచిన కాగితాన్ని బొటనవేలితో మళ్ళీ నొక్కేసింది.

“ఏంటండీ, ఏమైనా దొరికిందా?” అన్నాడు కిరీటి.

“లేదండి. జాబితాలోనే ఏదో తప్పు జరిగి ఉంటుంది,” అంది.

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. మౌస్ పట్టుకుని ప్రోగ్రాములు తీసేసే చోటికి వెళ్ళింది. జాబితాలో ‘ఊరు’ అన్న పేరు మీద నొక్కింది. నిజంగానే తీసేయమంటారా అని విండోస్ ఒక చిన్న పలకలో అడిగింది. పాపం, ఆ గదిలో ఆమెను ఆ మాట అడిగింది అదొక్కటే. ఆమె బాణం గుర్తును అవును అన్న మాట మీదికి తీసుకెళ్ళింది.

“ఆగమ్మా.”

ఉమామహేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు. సంకల్పం చెప్పే గొంతు అది, హాలు చివరిదాకా వినిపిస్తుంది.

“డాక్టరుగారూ, ఆ కాగితాలు అంటించింది నేను. పూజకు ముందు తడిగుడ్డతో తుడిస్తే టేపు ఊడొచ్చింది. నైవేద్యం అయ్యాక విస్తట్లోంచి నాలుగు మెతుకులు తీసి మళ్ళీ అంటించాను. ఆ ఊళ్ళు తారుమారు చేసింది నేనే. అమ్మాయి రాసిన దాంట్లో తప్పు లేదు. నాలుగు రోజులుగా అది నిజమే చెబుతోంది, మనమే దాన్ని మొండిదన్నాం.”

ఆయన కూతురి వైపు తిరిగారు.

“నా పరువు కోసం నువ్వు నీ పనిని అబద్ధం చేయబోయావు. అలా నిలిచే పరువు నాకొద్దు తల్లీ. నీ కడుపున పుట్టిన బిడ్డ లాంటిది కదా అది. ఎవరు అడిగినా, నేనే అడిగినా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పు. నిన్ను చూసి పదిమందిలో గర్వపడాలంటే నాకు అదొక్కటి చాలు.”

కౌముది కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే నాన్న చూస్తారని. విండోస్ అడిగిన ప్రశ్నకు వద్దు అని నొక్కింది. ప్రోగ్రాం తెరిచి రెండు వరుసల్లో ఊళ్ళ పేర్లు అటుదిటు చేసింది. పట్టుమని నిమిషం పట్టలేదు. పచ్చ చుక్క మిణుకుమని ‘రేపల్లె’ అంది. రెండు నిమిషాలు అందరూ గడియారం చూస్తూ కూర్చున్నారు, కిరీటి కూడా. రెండు నిమిషాలు దాటాయి. చుక్క మళ్ళీ మిణుకుమంది, ‘రేపల్లె’ అనే అంది. రిపోర్టులు తెరుచుకునే ఉన్నాయి. చుక్కలు వేసి ఇంకా ముప్పై నిమిషాలే అయింది.

కిరీటి అట్టపెట్టెను సంచీలో పెట్టేసుకున్నాడు. సోమవారం నాడే అడుగున నంబరు తను చూసి ఉండాల్సిందని తనంతట తానే ఒప్పుకున్నాడు. మీ ప్రోగ్రాం కాపీ ఒకటి విజయవాడలో మా వాళ్ళకు చూపించవచ్చా అని కూడా అడిగాడు. తప్పకుండా చూపించండి, పేరు మాత్రం మార్చకండి అంది కౌముది. ఆ మాటకు డాక్టరుగారు మొదటిసారి నవ్వారు.

కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆయన రూటరు పెట్టె మీది కాగితాన్ని తన చేత్తో తీసి చూశారు. బొటనవేలంత అక్షరాలు, నల్ల సిరా, తెల్ల కాగితం. యథాలాపంగా అడిగినట్టు అడిగారు.

“పంతులుగారూ, ఆ వేళ పెట్టెలు ఏ వరుసలో పెట్టారో మీకు గుర్తుందా?”

“ఎందుకుండదండి? ఎడమ పక్క తెనాలి, నడుమ బాపట్ల, కుడి పక్క రేపల్లె. తెచ్చినవాళ్ళు చెబుతుంటే నేనే పెట్టాను. ఒకసారి విన్నది మరవనండి.”

డాక్టరుగారు తలూపారు. పెట్టెల వరుస అంత కచ్చితంగా గుర్తున్న మనిషి పెట్టెలను తారుమారు చేయడు. తారుమారైతే కాగితాలే కావాలి. ఏ కాగితం ఏ ఊరిదో చూడాలంటే వాటి మీది అక్షరాలు చదవాలి.

ఎలాగూ వచ్చారు, ఒకసారి కళ్ళు చూస్తాను రండి అన్నారు డాక్టరుగారు. నా కళ్ళకేమండి, నిక్షేపంలా ఉన్నాయి, అవతల వ్రతానికి వేళవుతుందని పంతులుగారు ఉత్తరీయం సర్దుకున్నారు. కొత్తగా బాగైన యంత్రంలో మొదటి పేరు మీదే ఉండాలని డాక్టరుగారు పట్టుబట్టారు. ఆ మాటకు ఆయన కాదనలేకపోయారు. కౌముది సంబరంగా తండ్రి పేరు, వయసు కొట్టింది. కొట్టిన వెంటనే మూలనున్న రేపల్లె ప్రింటరు గరగరమంటూ ఉమామహేశ్వరరావు అని చీటీ ముద్రించింది. ఆ చీటీ చేతిలో పట్టుకుని ఆమె వాళ్ళ వెనకే హాలులోకి వచ్చింది.

పంతులుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. డాక్టరుగారు అట్టముక్కతో ఆయన ఎడమ కన్ను మూసి, ఎదురుగా బోర్డు చదవమన్నారు. రాజారత్నం బెత్తం పైకెత్తి ఏదో చెప్పబోతే, డాక్టరుగారు కళ్ళతోనే వద్దన్నారు.

“ప. ర. గ.” ఉమామహేశ్వరరావుగారి గొంతు ఖంగుమంది. “ద, వ, మ, ట.” పిల్లలకు వేదం చెప్పే గొంతుతో రెండో వరుస, మూడో వరుస. “స, న, ల, య, చ.” చిట్టచివరి సన్న వరుస కూడా ఎక్కడా ఆగకుండా, తడుముకోకుండా, అక్షరం పొల్లుపోకుండా చదివేశారు. బల్ల మీది జనం ఈ వయసులో ఏం చూపు అనుకున్నారు. కౌముది గుండె నిండిపోయింది. చీటీ మీద చూపు బాగుందని రాయడానికి పెన్ను తీసి, ఏ వరుస దాకా చదివారో చూద్దామని బోర్డు వైపు తిరిగింది.

అచ్చమ్మ కోసం తిప్పిన బోర్డును రాజారత్నం మళ్ళీ తిప్పనే లేదు. పై నుంచి కింది దాకా మూడు పళ్ళ గుర్తులు, కొన్ని పైకి, కొన్ని పక్కలకు. ఆ బోర్డు మీద అక్షరమన్నది ఒక్కటి కూడా లేదు.

పంతులుగారు కంటికి అడ్డం పెట్టిన అట్టముక్క తీసి, కూతురు నిలబడిందనుకున్న వైపుకు తిరిగి, గడ్డం కాస్త పైకెత్తారు.

“ఏమ్మా కౌముదీ, ఒక్కటైనా తప్పిందా?”